మిషనక్క కుట్టిన మోకాలి జేబులు

మిషనక్క గురించి ఊళ్ళో రెండు రకాలుగా చెప్పుకుంటారు. సొంత తమ్ముణ్ణి పోలీసులకు పట్టించిన రాక్షసి అని కొందరు, ఊరిని కాపాడిన మహాతల్లి అని కొందరు. రెండూ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. వాళ్ళలో ఒక్కరైనా ఆమె పక్కన ఒక పూట కూర్చున్నారా? నేను పద్నాలుగేళ్ళు కూర్చున్నాను. ఆమె కుట్టుగదికీ నా ఇస్త్రీ బల్లకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క తడిక. ఆమె మిషను తొక్కితే నా బల్ల మీది నీళ్ళ గ్లాసు వణుకుతుంది. కాబట్టి చెబితే నేనే చెప్పాలి. నచ్చినవాళ్ళు వినొచ్చు, నచ్చనివాళ్ళు లేచి వెళ్ళొచ్చు.

ఆమెకు పని తండ్రి నుంచి వచ్చింది. మిషనూ ఆయనదే, కత్తెరా ఆయనదే, వాటితో పాటు వచ్చిన నియమమూ ఆయనదే. కొలత అడగాలి, కారణం అడగకూడదు. నడుము ఎందుకు పెరిగిందని అడగకూడదు. పెళ్ళికాని పిల్ల వదులు గౌను కుట్టమంటే తలెత్తి చూడకూడదు. జేబు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టి ఇవ్వాలి. అందుకే ఊరంతా ఆమె దగ్గరకే వచ్చేది. నా సంగతి తెలిసిందే, నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె కడుపులో మాత్రం ఊరి గుట్లన్నీ భద్రంగా ఉండేవి.

తమ్ముడు పుట్టిన రోజే తల్లి పోయింది. అప్పటికి మిషనక్కకు పన్నెండేళ్ళు. పాలు పట్టింది, నడక నేర్పింది, బడికి పంపింది. ఆమె పొద్దస్తమానం "తమ్ముడూ, తమ్ముడూ" అని పిలిచేది కాబట్టి ఊళ్ళో ముసలీ ముతకా కూడా వాణ్ణి తమ్ముడనే పిలిచేవారు. పెళ్ళి చేసుకోవే అంటే "వీణ్ణి ఎవరు చూస్తారు వదినా?" అనేది. అప్పటికి వాడికి మీసాలొచ్చి, లైసెన్సు వచ్చి, ఊరికీ పట్నానికీ మధ్య చిన్న బస్సు తోలుతున్నాడు. చూసుకోవాల్సిన పసివాడే మరి!

ఆ చలికాలంలో వాడొక వార్త తెచ్చాడు. పట్నంలో ఎవరో దయగల డాక్టరు ముసలివాళ్ళ మోకాళ్ళ నొప్పులకు ఉచితంగా వైద్యం చేస్తున్నాడట. ప్రతి గురువారం తన బస్సులోనే తీసుకెళ్ళి తీసుకొస్తాడట. మందు మింగేది కాదు, రాసేది కాదు. పొట్లం కట్టి మోకాలికి ఆనించి ఉంచుకుంటే ఆ వెచ్చదనానికి నొప్పి లాగేస్తుంది. విప్పి చూస్తే గుణం పోతుంది. అందుకని లోపలి లంగాలకు మోకాలి దగ్గర, లోపలి వైపు ఒక జేబు కావాలి. బయటికి కుట్టు కనపడకూడదు. అలాంటివి పదకొండు లంగాలు.

"కుట్టు కనపడితే నొప్పి తగ్గదా ఏంటి?" అన్నాను తడిక ఇవతలి నుంచి.

"నీ ఇస్త్రీ మాడుతోంది చూసుకో వదినా" అంది మిషనక్క. నాలుగు వేళ్ళ పొడవు, మూడు వేళ్ళ వెడల్పు అని రాసుకుని పని మొదలుపెట్టింది. అంత చక్కటి జేబులు నేను చూడలేదు. వేలితో తడిమినా దొరికేవి కావు.

పదకొండు మందిలో మొదట పేరిచ్చింది మా అత్తగారే. రెండో గురువారానికే "సగం నొప్పి పోయిందే కోడలా" అని మూడు మెట్లెక్కి చూపించారు. ఊరు చేరగానే తమ్ముడే ఇంటింటికీ వచ్చి ఆ లంగాలు తీసుకునేవాడు, ఉతికించి మర్నాడు నాకు ఇస్త్రీకి ఇచ్చేవాడు. మందు పొట్లం ఒక్క పూటకే పనిచేస్తుందట. ఇస్త్రీ చేసేటప్పుడు జేబు నోటి దగ్గర ఎవరో వేసి కత్తిరించిన కచ్చాకుట్ల దారాలు నా వేళ్ళకు అంటుకునేవి. నేనూ ఏమీ అడగలేదు, ఉన్నమాట చెప్పొద్దూ.

ఒక్కటి మాత్రం నాకు మొదటినుంచీ నచ్చేది కాదు. పొట్లం నలిగిపోకుండా కాళ్ళు మడవకూడదని వాళ్ళకు చెప్పారు. సాయంత్రం నాలుగింటికి బస్సు ఆగేది. పదకొండు మంది ముసలమ్మలూ ఒకరి వెనక ఒకరు దిగి, మోకాళ్ళు వంచకుండా, మాట్లాడకుండా, వీధి పొడుగునా వరసగా నడిచి వచ్చేవారు. ఎవరి ఇల్లు వస్తే వాళ్ళు వరసలోంచి తప్పుకునేవారు. నేను కర్రలా నడిచే ఆ కాళ్ళని చూడలేక బొగ్గులు ఊదే వంకతో తల దించుకునేదాన్ని.

వేసవి వచ్చేసరికి ఊరు మారుతోందని మిషనక్కకు కొలత టేపు వల్ల తెలిసింది. నిప్పులు కురిసే ఎండల్లో కుర్రాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మణికట్టు దాకా చేతులున్న చొక్కాలు కుట్టమన్నారు. ముందు ముగ్గురు, తర్వాత తొమ్మిది మంది. పాంట్లు తెచ్చి నడుము దగ్గర రెండంగుళాలు లోపలికి పట్టమన్నారు. నెల తిరక్కుండా అవే పాంట్లు ఇంకో రెండంగుళాలకు వచ్చాయి.

"వదినా, ఊళ్ళో కుర్రాళ్ళు కరిగిపోతున్నారు" అంది.

"ఎండలకి తిండి ఎక్కదులే."

"తిండి తినకపోతే పొట్ట తగ్గుతుంది. వీళ్ళకి భుజాలు కూడా తగ్గుతున్నాయి. చొక్కా తొడిగితే హ్యాంగరుకి వేసినట్టుంది."

తర్వాత వస్తువులు మాయం కావడం మొదలైంది. ముందు వీధి కుళాయిల తలలు పోయాయి, తర్వాత బడి గంట పోయింది. ఒక మంగళవారం పొద్దున లేచి చూస్తే మా వీధిలో ఏడిళ్ళ తలుపులకు గడియలు లేవు. ఏడు తలుపులూ గాలికి ఒకేసారి తెరుచుకుంటున్నాయి, ఒకేసారి మూసుకుంటున్నాయి, లోపల మనుషులు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నారు. ఒక్క కుక్కా మొరగలేదు. కుక్కలు పరాయివాళ్ళను చూసి మొరుగుతాయి, వచ్చినవాళ్ళు పరాయివాళ్ళయితేగా! "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అని మా ఆయన నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సాయంత్రాల్లో బంతాట అరుపులు ఆగిపోయాయి. కుర్రాళ్ళు పాత గోదాము గోడ మీద వరసగా కూర్చుని రోడ్డు వైపు చూస్తుండేవారు. మాట్లాడుకోరు, పోట్లాడుకోరు, దారిన పోయే ఆడపిల్లల్ని ఏడిపించరు. ఏడిపిస్తే నాలుగు తిట్టి బుద్ధి చెప్పొచ్చు. మనల్ని చూస్తూ కూడా చూడని ఆ చూపును ఏమని తిడతాం? నేను ఆ దారి మానేసి చుట్టూ తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాను. నా నోటికి ఊళ్ళో ఉన్న పేరుకి అది సిగ్గుచేటు.

ఒక మిట్టమధ్యాహ్నం నేనూ మిషనక్కా పక్క ఊళ్ళో బట్టలిచ్చి నడిచి వస్తున్నాం. దారి పక్క చేలో దిష్టిబొమ్మ ఉంది, చేతులు బారజాపి, తల వాల్చుకుని. భుజాల మీద రెండు పిట్టలు వాలి ఉన్నాయి. మిషనక్క ఠక్కున ఆగిపోయింది.

"ఆ నీలం చొక్కా నేను కుట్టిందే. నెల కూడా కాలేదు. బొమ్మకి తొడిగారేంటి, పోయేకాలం కాకపోతే!"

కోపంగా చేలోకి దిగి, దగ్గరకు పోయి, పై గుండీ మీద చెయ్యి వేసింది. బొమ్మ కళ్ళు తెరిచింది.

నేను పెట్టిన కేకకు పిట్టలు లేచిపోయాయి. మిషనక్క గుండీ మీది చెయ్యి తియ్యలేదు. వాడు పాలమ్మ మనవడు. పాలమ్మ అంటే మాకు పాలు పోసే ముసలమ్మ, గురువారం బస్సెక్కే పదకొండు మందిలో ఒకరు, ఆమెకు ఉన్నదల్లా వీడే. అసలు దిష్టిబొమ్మ గడ్డి ఒంటితో కింద పడి ఉంది, దాని అడ్డకర్ర మీద చేతులు వేసి వీడు నిలబడ్డాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో పెదవులు పగిలి నెత్తురు ఎండిపోయింది.

"ఇక్కడేం చేస్తున్నావురా?" అంది మిషనక్క.

"కాపలా" అన్నాడు.

"దేనికిరా?"

వాడు తెలియనట్టు చేను చుట్టూ చూశాడు. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాం. దారంతా వాడి బరువే తెలియలేదు.

పన్నెండు రోజులకు అదే చేను గట్టు మీద వాడు పోయాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట. పాలమ్మ రెండు వారాలు పాలు పోయలేదు. మూడో గురువారం తమ్ముడు ఆమె గుమ్మంలోకి వెళ్ళి, "రా అమ్మమ్మా, నీ మోకాళ్ళైనా బాగుపడాలిగా" అని చెయ్యి పట్టుకుని బస్సెక్కించాడు. నా కళ్ళతో చూశాను. ఎంత మంచివాడో అనుకున్నాను కూడా.

ఆ మర్నాడే పట్నం నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. దుకాణం దుకాణం తిరిగి చివరికి మా గదుల దగ్గరకు చేరింది. చనిపోయిన కుర్రాడి పిడికిట్లో దొరికిందని ఒక పల్చటి పొట్లం మిషనక్క బల్ల మీద పెట్టింది. "ఇలాంటిది ఎక్కడైనా చూశారా అమ్మా?" అని అడిగింది. మిషనక్క దాని మీద చెయ్యి ఆనించింది, ఊరికే ఆనించినట్టు. నేను తడిక సందులోంచి చూస్తున్నాను. పొడుగునా నాలుగు వేళ్ళు, అడ్డంగా మూడు వేళ్ళు, అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

"తెలియదమ్మా" అంది మిషనక్క. ఇన్‌స్పెక్టరమ్మ వెళ్ళిపోయాక ఆమె మిషను ముందు కూర్చుంది కానీ తొక్కలేదు.

మర్నాడు పొద్దున్నే తమ్ముడు మా గదుల వెనక బస్సు కడుగుతున్నాడు. మిషనక్క వెళ్ళి ఎదురుగా నిలబడింది. గోడలకు చెవులుంటాయంటారు. తడిక పక్కన ఉన్నదాన్ని, నాకు ఉండవా?

"తమ్ముడూ, ఆ జేబులు ఎందుకు?"

"మోకాళ్ళకి." వాడి చేతిలో పైపు ఆగలేదు.

"నా మొహం చూసి చెప్పు. ఎందుకు?"

వాడు నవ్వాడు. "ఇన్నాళ్ళూ అడగలేదుగా అక్కా. నువ్వు అడగవనేగా నీ దగ్గరకి తెచ్చాను. పట్నంలో టైలర్లు లేకనా?"

ఆ తర్వాత అంతా చెప్పేశాడు, సిగ్గూ లేదు భయమూ లేదు. బండి తోలేటప్పుడు కునుకు రాకుండా ఎవరో ఆ పొడి ఇచ్చారట. తర్వాత అది లేకపోతే స్టీరింగ్ పట్టుకోలేకపోయాడట. ఇప్పుడు వాడికి కూలి కూడా ఆ పొడే. పట్నంలో డాక్టరూ లేడు, వైద్యమూ లేదు. పొట్లాల్లో ఉన్నది ఆ పొడే. దారిలో పోలీసులు బస్సు ఆపినా ముసలమ్మలను ఎవరూ తడిమి చూడరు, అంతే సంగతి.

"పాలమ్మ మనవడికి నువ్వే ఇచ్చావా?"

"నేను కాకపోతే ఇంకొకడు ఇచ్చేవాడు" అన్నాడు. పైపు పక్కన పడేసి, "అద్దం తుడవడానికి పాత గుడ్డ ఏమైనా ఉందా అక్కా?" అన్నాడు.

మిషనక్క నా గదిలోకి వచ్చి బొగ్గుల బస్తా మీద కూలబడింది. "వదినా, గొంతు వాడిదే. మాట్లాడింది మాత్రం ఎవరో" అంది.

"పాలమ్మ మనవడికి చివరిసారి పాంటు పట్టినప్పుడు నడుము ఇరవై నాలుగు. మొన్న వీడిది పట్టాను. ఇరవై ఐదున్నర."

"కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. నోరు మూసుకో. వాణ్ణి తీసుకుని ఎక్కడికైనా దూరం పో" అన్నాను. ఔను, నేనే అన్నాను. ఇప్పుడు నీతులు చెప్పేవాళ్ళ కంటే నేనేం గొప్పదాన్ని కాదు.

"ఎక్కడికి పోయినా వాడు ఆ పొడి వెతుక్కుంటాడు. ఇక్కడే ఉంటే నెలో రెండు నెలలో. పోలీసులకి చెబితే బతుకుతాడేమో, కానీ నేనే పట్టించానని వాడికి తెలుస్తుంది. ఆ చూపు తలుచుకుంటే నా చేతులు ఆడట్లేదు వదినా." అలా అంటూనే లేచి, చెప్పులేసుకుని, పట్నం పోయే వేరే బండి ఎక్కింది.

ఇన్‌స్పెక్టరమ్మ దగ్గర "ఆ జేబు నేను కుట్టిందే" అని చెప్పిందట. ఒక్కటే అడిగిందట, తమ్ముణ్ణి ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళమని. "ముందు ఆసుపత్రి, తర్వాత కోర్టు. అంతకు మించి మాటివ్వలేను" అందట ఆవిడ. "ముందుది చాలు" అని వచ్చేసింది.

గురువారం నాలుగింటికి బస్సు ఆగింది. కొత్త లంగాలకు కొలతలు తీసుకుంటానని చెప్పి, మిషనక్క ముసలమ్మలందరినీ కుట్టుగదిలోకి పిలిచింది. మోకాళ్ళు వంచకుండా పదకొండు మందీ గోడ చుట్టూ నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరమ్మ మామూలు బట్టల్లో మూల స్టూలు మీద కూర్చుని ఉంది. నేను కర్టెన్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మిషనక్క మొదటావిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, లంగా అంచు తిప్పి, కత్తెర పెట్టింది. కచ్చాకుట్లు టక్ టక్ మని తెగాయి. పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

మా అత్తగారి వంతు వచ్చేసరికి గోల మొదలైంది. "విప్పకే అమ్మాయ్! గుణం పోతుంది! రేపు మళ్ళీ నా కాళ్ళు లాగుతాయి!" అంటూ రెండు చేతులతో లంగా గట్టిగా పట్టుకున్నారు. "వదలండత్తయ్యా" అన్నాను. నా గొంతులో ఏం విన్నారో, వదిలేశారు. మా పెళ్ళయ్యాక ఆవిడ నా మాట వినడం అదే మొదటిసారి.

చివర పాలమ్మ. పదకొండో పొట్లం బయటికి రాగానే ఆమె చెయ్యి చాపి అందుకుంది. కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "మా వాడి పిడికిట్లో ఉన్నది ఇదే కదమ్మా?" అని ఇన్‌స్పెక్టరమ్మను అడిగింది. ఆవిడ తలూపింది.

"నేనే తెచ్చానా?"

ఆ ముసలమ్మ ఒక్కొక్కరి మొహం చూస్తూ పోతోంది, ఎవరైనా కాదంటారేమోనని. మిషనక్క కింద కూర్చున్నది కూర్చున్నట్టే ఆమె రెండు పాదాలూ పట్టుకుని, "నేను కుట్టానమ్మా, నేను కుట్టాను" అంటూ ఏడ్చింది. పాలమ్మ ఆమెను తిట్టనూ లేదు, లేపనూ లేదు.

బయట బస్సు చుట్టూ నలుగురు పోలీసులు చేరారు. తమ్ముడు డ్రైవరు సీట్లో ఉన్నాడు. పారిపోలేదు, పెనుగులాడలేదు. చేతులకు బేడీలు వేస్తుంటే వాళ్ళకు వీలుగా చేతులు ఎత్తి ఇచ్చాడు. మిషనక్క తిన్నగా వెళ్ళి కిటికీ ముందు నిలబడింది. "నేనే చెప్పాను తమ్ముడూ" అంది. వాడి చూపు తన మీద పడటానికి సిద్ధపడి వెళ్ళింది మరి.

వాడి కళ్ళు ఆమె మొహం దాకా రాలేదు. ఆమె చేతుల దగ్గరే ఆగిపోయాయి.

"లోపల పదకొండున్నాయిగా అక్కా" అన్నాడు. చిన్నప్పుడు బిస్కట్టు అడిగిన గొంతు. "ఒక్కటి ఇవ్వక్కా. ఒక్కటే. వీళ్ళు చూడరులే."

మిషనక్క ఖాళీ చేతులు చూపించింది. వాడు ఆ చేతుల్నే చూస్తూ "ఒక్కటి, ఒక్కటి" అంటూనే ఉన్నాడు. వాణ్ణి ఎక్కించుకున్న పోలీసు జీపు మలుపు తిరిగేదాకా ఆ మాట నాకు వినపడింది. ఎవరు పట్టించారో, ఎందుకు పట్టించారో, వాడికి ఏదీ పట్టలేదు.

పట్నంలో ముసలమ్మలకు పొట్లాలు కట్టే గదిలో ఇద్దరు దొరికారు, వాళ్ళ పైవాళ్ళు ఇంతవరకు దొరకలేదు. మిషనక్కను సాక్షిగా రాసుకున్నారు. ఊళ్ళో మూడు నెలలు ఎవరూ ఆమెకు గుడ్డ ముక్క కుట్టడానికివ్వలేదు. గోదాము గోడ మీది కుర్రాళ్ళలో నలుగురిని ఇంటివాళ్ళే ఆసుపత్రిలో చేర్చారు. ఒకడు ఎటో పోయాడు. మా అత్తగారి మోకాళ్ళకు మళ్ళీ నొప్పులు మొదలయ్యాయి, దానికీ మిషనక్కనే తిట్టారు కొన్నాళ్ళు.

ఆమె నెలనెలా ఆసుపత్రికి వెళ్ళేది. ఎలా ఉన్నాడే అంటే "గోడ చూస్తున్నాడు" అనేది. మరుసటి నెలా గోడే, ఆ మరుసటి నెలా గోడే. నాలుగోసారి ఆ మాట కూడా అనలేదు, తలుపు వేసుకుంది. మనిషి బతికున్నాడు కానీ లోపల ఎవరూ లేరని ఆమె భయం. నా భయమూ అదే, పైకి చెప్పలేదు.

ఐదో నెల బస్సు దిగి పరిగెత్తుకుంటూ మా ఇంటికి వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయింది, కళ్ళు ఎర్రగా వాచిపోయాయి, నోరు మాత్రం నవ్వుతోంది. పిచ్చెక్కిందేమో అనుకున్నాను.

"తిట్టాడు వదినా!" అంది.

"ఎవరు?"

"తమ్ముడు! నోటికొచ్చినట్టు తిట్టాడు. 'నువ్వు అక్కవా, శత్రువువా' అన్నాడు. 'నా బతుకు బజారున పడేశావు, మళ్ళీ నీ మొహం చూపించకు' అన్నాడు. పళ్ళెం విసిరాడు, ఇదిగో చూడు, ఇక్కడ తగిలింది. నర్సులు వచ్చి పట్టుకున్నారు."

"దానికి నవ్వుతావేంటే, పిచ్చిదానా!"

"నా కళ్ళలోకి చూసి తిట్టాడు వదినా" అంది ఏడుస్తూ. "వాడికి నేను కనపడ్డాను."

కూర్చోబెట్టి నుదుటి మీది దెబ్బ తడిగుడ్డతో తుడిచాను. లోపలి నుంచి మా అత్తగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఏమీ అడగకుండా, ఆమెకు అన్నం పెట్టారు.